అండాశయ కేన్సర్: సూచిక చెప్పేదెంత, మనం చెప్పించేదెంత?

"ఒక్క రక్తపు చుక్కతో కేన్సర్ గుట్టు రట్టు" అనే తరహా వార్తలు పత్రికల్లో తరచూ కనిపిస్తూ ఉంటాయి. ఊరూ పేరూ మారినా వార్తలోని సంగతి ఒకటే. ఎక్కడో ఒక ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు కొందరు రోగుల రక్తాన్నీ, కొందరు ఆరోగ్యవంతుల రక్తాన్నీ పోల్చి చూశారు. ఒక అణువు రోగుల్లో హెచ్చుగా కనిపించింది. కనుక ఇకమీదట రోగాన్ని తొలిదశలోనే పట్టుకోవచ్చునట. ఇలా రోగం ఉనికిని తెలిపే అణువులను జీవ సూచికలనీ, మార్కర్లనీ అంటారు.

అండాశయ కేన్సర్‌కు అటువంటి సూచిక కోసం నలభై ఏళ్లకు పైగా వేట సాగుతోంది. ప్రతిపాదించిన సూచికలు కొల్లలు. అయినా ఏ బాధా లేని సాధారణ స్త్రీలందరికీ చేయదగిన పరీక్షగా వాటిలో ఒక్కటీ నిలబడలేదు. మరి ఈ సూచికలన్నీ పనికిరానివేనా? అలా అనడం అన్యాయం. వాటిలో కొన్ని ఆసుపత్రుల్లో ప్రతిరోజూ ఉపయోగపడుతున్నాయి. చిక్కంతా సూచిక ఒక ప్రశ్నకు చెప్పగల జవాబును మరో ప్రశ్నకు జవాబుగా చెలామణి చేయడంలో ఉంది. ఇందుకు పేరుమోసిన పరిశోధనలే సాక్ష్యం. వాటిని మూడు ప్రశ్నలతో పరీక్షించి చూద్దాం.

ఆశ ఎందుకు పుట్టింది?

స్త్రీ శరీరంలో గర్భాశయానికి ఇరుపక్కలా, పొత్తికడుపు లోతున బాదంకాయంత పరిమాణంలో రెండు అండాశయాలు ఉంటాయి. అక్కడ పుట్టిన కణితి చుట్టూ ఖాళీ ఉన్నందున చాలాకాలం బాధ పెట్టకుండా పెరుగుతుంది. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్లుండడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం దీని లక్షణాలు. వీటిని గ్యాసు అనో, అజీర్తి అనో సరిపెట్టుకోవడం పరిపాటి. రోగం బయటపడేసరికి చాలామందిలో అది ఉదర కుహరమంతా పాకి ఉంటుంది.

అమెరికా లెక్కల ప్రకారం కేన్సర్ అండాశయానికే పరిమితమై ఉన్నప్పుడు కనుక్కుంటే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ఐదేళ్లకు మించి జీవిస్తారు. దూరపు అవయవాలకు పాకాక కనుక్కుంటే ఆ సంఖ్య మూడుకు పడిపోతుంది. మన దేశంలో 2020లో సుమారు 45 వేల మందికి ఈ కేన్సర్ కొత్తగా సోకిందనీ, 32 వేల మంది మరణించారనీ అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇన్ని ప్రాణాలకు సంబంధించిన విషయం కనుక, రోగాన్ని ముందే పట్టుకునే ఉపాయం ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. శాస్త్రజ్ఞులను ఈ వేటకు పురికొల్పింది ఆ కోరికే. దాన్ని తప్పు పట్టలేం.

సి.ఏ.-125 రాక

1981లో అమెరికాలోని బోస్టన్ నగరంలో రాబర్ట్ బాస్ట్, ఆయన సహచరులు ఒక ఏకజాతి ప్రతిరక్షకాన్ని తయారు చేశారు. దీన్నే మోనోక్లోనల్ యాంటీబాడీ అంటారు. ఎలుకకు అండాశయ కేన్సర్ కణాలను ఎక్కిస్తే, దాని శరీరం వాటి మీది అణువులను గుర్తుపట్టే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. వాటిని తయారుచేసే కణాలలో ఒక్కదాన్ని వేరుచేసి, చావులేకుండా పెరిగే మరో కణంతో సంధానిస్తే, ఒకే రకం ప్రతిరక్షకం కావలసినంత దొరుకుతుంది. అలా దొరికిన ప్రతిరక్షకం పట్టుకునే అణువుకు సి.ఏ.-125 అని పేరు పెట్టారు. 2001లో దాని జన్యువును కనుగొన్నాక, అది ఎం.యు.సి.-16 అనే చాలా పెద్ద చక్కెర ప్రోటీనులో భాగమని తేలింది.

1983లో ఇదే బృందం రక్తంలో సి.ఏ.-125ను కొలిచే పద్ధతిని ప్రకటించింది. మిల్లీలీటరుకు 35 యూనిట్లను హద్దుగా పెట్టుకుని చూస్తే, శస్త్రచికిత్సలో అండాశయ కేన్సర్ రుజువైన 101 మందిలో 83 మందికి, అంటే 82 శాతానికి, ఆ హద్దు దాటింది. ఆరోగ్యవంతులుగా కనిపించిన 888 మందిలో ఒక శాతానికి మాత్రమే దాటింది. కేన్సర్ కాని ఇతర జబ్బులున్న 143 మందిలో 6 శాతానికి దాటింది. కేన్సర్ తగ్గుతున్నప్పుడు అంకె తగ్గడం, ముదురుతున్నప్పుడు పెరగడం కూడా గమనించారు.

ఇది నిజంగా గొప్ప ముందంజ. అయితే ఈ అణువును తయారుచేసేది కేన్సర్ కణాలు మాత్రమే కాదు. ఊపిరితిత్తుల చుట్టూ, గుండె చుట్టూ, ఉదర కుహరం లోపలా ఉండే పొరల కణాలూ, గర్భాశయపు లోపొర కణాలూ దీన్ని విడుదల చేస్తాయి. ఆ పొరలకు ఏ చికాకు కలిగినా అంకె పెరగవచ్చు. నెలసరి రోజుల్లో, గర్భం దాల్చిన తొలినెలల్లో, ఎండోమెట్రియోసిస్‌లో, కాలేయం చెడి పొట్టలో నీరు చేరినప్పుడు, గుండె జబ్బు ముదిరినప్పుడు కూడా 35ను దాటవచ్చు. మరోవైపు తొలిదశ కేన్సర్ ఉన్నవారిలో సుమారు సగంమందికి అది హద్దు లోపలే ఉంటుంది. అంటే అవసరం ఎక్కువగా ఉన్న దశలోనే ఈ సూచిక సగం మౌనంగా ఉంటుందన్నమాట. దీనికంటే మెరుగైన దానికోసం వెతకడం అందుకే మొదలైంది.

మొదటి ప్రశ్న: ఎవరిని పరీక్షిస్తున్నాం?

2002 ఫిబ్రవరిలో 'లాన్సెట్' అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో ఇమాన్యుయేల్ పెట్రికాయిన్, లాన్స్ లియోటా ప్రభృతులు ఒక వ్యాసం ప్రకటించారు. ఒక్కొక్క ప్రోటీనును విడిగా వెతకకుండా, రక్తంలోని ప్రోటీన్ల మొత్తం తీరును ఒక బొమ్మగా చూడాలన్నది వారి ఊహ. సీరం చుక్కను ఒక చిన్న పలక మీద ఉంచి లేసరు కిరణంతో కొడితే, అందులోని అణువులు విద్యుదావేశం పొంది ఎగురుతాయి. తేలికవి ముందూ, బరువైనవి వెనుకా గమ్యం చేరుతాయి. ఈ విధంగా 15 వేలకు పైగా బిందువులతో ఒక వర్ణపటం వస్తుంది. కేన్సర్ ఉన్న 50 మందివీ, లేని 50 మందివీ వర్ణపటాలను కంప్యూటరుకు చూపి తేడా పట్టమన్నారు. అది ఐదు బిందువులను ఎన్నుకుంది. ఆ బిందువుల వద్ద ఉన్నవి ఏ అణువులో అప్పటికి తెలియదు.

తరువాత 116 కొత్త నమూనాలను, ఏది ఎవరిదో చెప్పకుండా ఇచ్చారు. అందులో 50 కేన్సర్ నమూనాలనూ కంప్యూటరు సరిగ్గా పట్టుకుంది. వాటిలో మొదటి దశవి 18. కేన్సర్ లేని 66లో 63ను సరిగ్గా చెప్పింది. రోగం ఉన్నవారిలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుందో అది దాని సున్నితత్వం. ఇక్కడ 100 శాతం. రోగం లేనివారిలో ఎంతమందిని లేదని చెప్పగలుగుతుందో అది నిర్దిష్టత. ఇక్కడ 95 శాతం. 'కేన్సర్' అని పరీక్ష చెప్పిన 53 మందిలో 50 మందికి నిజంగానే ఉంది కనుక, ఆ మాటకున్న విలువ 94 శాతం అని వ్యాసం పేర్కొంది. ప్రపంచమంతటా సంచలనం కలిగింది.

ఇక్కడ కాగితం, పెన్సిలు తీసుకుని ఒక లెక్క వేద్దాం. ఆ ప్రయోగంలో దాదాపు సగంమంది రోగులే. బయటి లోకం అలా ఉండదు. యాభై ఏళ్లు దాటిన లక్షమంది స్త్రీలను తీసుకుంటే, వారిలో ఆ ఏడాది ఈ కేన్సర్ బయటపడేది సుమారు 50 మందిలో అనుకుందాం. పరీక్ష ఆ యాభైమందినీ పట్టుకుంటుంది. మిగిలిన 99,950 మందిలో 5 శాతం మందికి, అంటే సుమారు 5 వేల మందికి కూడా 'కేన్సర్' అనే చెబుతుంది. మొత్తం 5,050 మందికి పిడుగులాంటి వార్త అందుతుంది. అందులో నిజం ఎంత? నూటికి ఒకటి. ప్రయోగశాలలో 94 శాతమున్న విలువ వీధిలోకి వచ్చేసరికి ఒక శాతమైంది. పరీక్ష మారలేదు. సున్నితత్వమూ మారలేదు, నిర్దిష్టతా మారలేదు. పరీక్షించిన జనం మారారు.

చేటలో సగం రాళ్లు, సగం బియ్యం ఉంటే, కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా రాయి తగులుతుంది. బస్తా బియ్యంలో నాలుగైదు రాళ్లుంటే, రాయి అనుకుని ఏరి పారేసే గింజలే ఎక్కువవుతాయి. అండాశయ కేన్సర్ అరుదైనది కనుక ఇది బస్తా బియ్యం లెక్క. పైగా ఇక్కడ పారేసే గింజ మరొక స్త్రీ ఆరోగ్యం. రొమ్ములో అనుమానం వస్తే సూదితో కాస్త కణజాలం తీసి చూడవచ్చు. అండాశయంలో అనుమానం వస్తే తీర్చుకోవడానికి చాలాసార్లు పొట్ట కోయవలసి వస్తుంది. ఇదే లెక్కను విమర్శకులు అదే పత్రికకు లేఖల రూపంలో చూపించారు.

ఈ పాఠం అంత తేలికగా ఒంటబట్టలేదు. 2008లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆరు ప్రోటీన్లతో మరొక పరీక్షను ప్రకటించారు. లెప్టిన్, ప్రొలాక్టిన్, ఆస్టియోపాంటిన్, ఐ.జి.ఎఫ్.-2, ఎం.ఐ.ఎఫ్., సి.ఏ.-125 ఆ ఆరు. సున్నితత్వం 95.3 శాతం, నిర్దిష్టత 99.4 శాతం అన్నారు. పరీక్ష 'ఉంది' అన్న మాటకు విలువ 99.3 శాతమని కూడా వ్యాస సంగ్రహంలో రాశారు. పరీక్షించే స్త్రీలలో సగంమందికి కేన్సర్ ఉంటుందనుకుంటేనే ఆ చివరి అంకె వస్తుంది! నిజమైన జనాభాకు లెక్కకట్టి దాన్ని 6.5 శాతంగా తరువాత సవరించారు. ఈలోగా 2008 జూన్‌లోనే ఆ పరీక్ష ఓవాష్యూర్ అన్న పేరుతో అమెరికా బజారులోకి వచ్చేసింది. ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించడంతో అదే ఏడాది అక్టోబరులో ఉపసంహరించారు. దశాంశ స్థానాల దాకా కచ్చితంగా కనిపించే అంకె వెనుక, ఒక్క తప్పుడు ఊహ ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

రెండవ ప్రశ్న: కొలిచింది రోగాన్నేనా?

2002 వ్యాసం విషయంలో ఇంకా లోతైన లోపం తరువాత బయటపడింది. ఆ పరిశోధకులు తమ వర్ణపటాల అంకెలను ఎవరైనా తీసి చూసుకునేలా బహిరంగంగా ఉంచారు. ఇది మెచ్చుకోదగిన పని. హ్యూస్టన్ నగరంలోని ఎం.డి. ఆండర్సన్ కేన్సర్ కేంద్రానికి చెందిన గణాంక శాస్త్రజ్ఞులు కీత్ బాగర్లీ, జెఫ్రీ మోరిస్, కెవిన్ కూంబ్స్ ఆ అంకెలను తిరిగి పరిశీలించి 2004లో తమ ఫలితాలను ప్రకటించారు. ఒక విడత నమూనాల్లో కేన్సర్‌ను పట్టించిన బిందువులు మరో విడతలో పట్టించలేదు. అంతకంటే ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉంది. యంత్రపు సొంత రొద తప్ప మరే సమాచారమూ ఉండకూడని చోట కూడా రోగులకూ ఆరోగ్యవంతులకూ స్పష్టమైన తేడా కనిపించింది!

రొదలో కేన్సర్ ఉండదు కదా. మరి ఆ తేడా ఎక్కడిది? నమూనాలను సేకరించడంలోనో, యంత్రం మీద నడపడంలోనో రెండు జట్ల మధ్య ఏదో తేడా వచ్చి ఉండాలి. విద్యార్థులకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్పుకుందాం. బాగా చదివే పిల్లలంతా నీలం సిరాతోనూ, మిగిలినవారంతా నల్ల సిరాతోనూ పరీక్ష రాశారనుకోండి. జవాబు పత్రాలను కంప్యూటరుకిచ్చి, తెలివైన వారెవరో చెప్పమంటే అది నూటికి నూరుపాళ్లూ సరిగ్గా చెబుతుంది. కాని అది నేర్చుకున్నది సిరా రంగును. పక్క బడికి వెళితే ఆ తెలివి ఎందుకూ కొరగాదు. ఇక్కడ రోజు, యంత్రపు అమరిక, రక్తాన్ని నిలవచేసిన కాలం, చివరకు దాన్ని తీసిన గది, ఇవన్నీ సిరా రంగులే. 15 వేల బిందువుల్లో వెతికే కంప్యూటరుకు ఏదో ఒక సిరా దొరకకుండా ఉండదు.

ఇటువంటి పక్షపాతం అణువుల్లోనే దాగి ఉండవచ్చు. పైన చెప్పిన ఆరు ప్రోటీన్లలో ప్రొలాక్టిన్ ఒకటి. మనిషి ఆందోళన పడినా, మత్తుమందు ఇచ్చినా రక్తంలో అది పెరుగుతుంది. శస్త్రచికిత్స కోసం ఎదురుచూస్తున్న రోగి రక్తాన్ని, మామూలు పరీక్షకు వచ్చిన స్త్రీ రక్తంతో పోలిస్తే ప్రొలాక్టిన్ హెచ్చుగా కనిపించడంలో వింతేముంది? అది పట్టుకున్నది కేన్సర్‌నా, భయాన్నా?

ఈ చిక్కును తప్పించుకునే దారి ఒకటుంది. రోగం తెలిశాక తీసిన రక్తాన్ని కాక, అందరూ ఆరోగ్యవంతులే అనుకుంటున్న రోజుల్లో తీసి, శీతలీకరించి దాచిన రక్తాన్ని పరీక్షించాలి. ఏళ్లు గడిచాక ఎవరికి కేన్సర్ వచ్చిందో చూసి, వారి పాత రక్తాన్ని బయటకు తీయాలి. అమెరికాలోని ఒక పెద్ద అధ్యయనంలో దాచి ఉంచిన అటువంటి నమూనాల మీద అనేక కొత్త సూచికలను పోటీకి పెట్టారు. 2011లో ఫలితాలు వచ్చాయి. అన్నింటిలోకీ మెరుగ్గా నిలిచింది పాతదైన సి.ఏ.-125. అనేక సూచికలను కలిపిన కూటములు కూడా దాన్ని చెప్పుకోదగినంతగా మించలేకపోయాయి. ఆ సి.ఏ.-125 సైతం రోగం బయటపడడానికి కొద్ది నెలల ముందే బాగా పనిచేసింది. ఇంకా ముందటి రక్తంలో దాని పట్టు సడలింది.

ఓవాచెక్ అన్న పేరుతో 2002 నాటి పద్ధతిని అమ్మకానికి తేవాలనుకున్న ప్రయత్నం 2004లో నియంత్రణ సంస్థ జోక్యంతో ఆగిపోయింది. ఆ తరువాత ఈ రంగంలోని పరిశోధకులు నమూనాల సేకరణ విషయంలో ఎక్కువ శ్రద్ధ చూపసాగారు. ఆ విధంగా చూస్తే దెబ్బతిన్న ఆ వ్యాసం కూడా సైన్సుకు మేలే చేసింది. అంకెలను దాచుకుని ఉంటే ఆ మేలు జరిగేది కాదు.

మూడవ ప్రశ్న: తెలిశాక మేలు జరుగుతుందా?

రోగాన్ని ముందుగా కనుక్కుంటే ప్రాణం దక్కుతుందన్నది అందరమూ అడగకుండానే ఒప్పుకునే మాట. ఇంగితజ్ఞానం అలాగే చెబుతుంది. అయినా దీన్ని కూడా పరీక్షించవలసిందే. అందుకు మార్గం, వేలాదిమందిని చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పరీక్షలు చేస్తూ, రెండవ జట్టును మామూలుగా వదిలి, ఏళ్ల తరబడి మరణాలను లెక్కించడం.

మనం పైన ప్రస్తావించిన అమెరికా అధ్యయనం అటువంటిదే. 55 నుంచి 74 ఏళ్ల మధ్యనున్న 78,216 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. ఒక జట్టుకు ఏటా సి.ఏ.-125 పరీక్ష, అల్ట్రాసౌండ్ పరీక్ష చేశారు. 2011లో వెలువడిన ఫలితం ఇది: పరీక్షలు చేయించుకున్న జట్టులో అండాశయ కేన్సర్‌తో 118 మంది, రెండవ జట్టులో 100 మంది మరణించారు. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చునే గాని, మేలు జరిగిన జాడ మాత్రం లేదు. అదే సమయంలో 3,285 మందికి లేని రోగం ఉన్నట్లు అనుమానం తగిలింది. వారిలో 1,080 మందికి శస్త్రచికిత్స జరిగింది. వారిలో 163 మందికి కనీసం ఒక తీవ్రమైన ఉపద్రవం ఏర్పడింది. ఏ జబ్బూ లేని స్త్రీలు వీరంతా!

హద్దును 35 దగ్గర పాతేయడం వల్లనే ఇలా జరిగిందేమో అని బ్రిటన్‌లో మరింత తెలివైన పద్ధతి ప్రయత్నించారు. ఒక్కసారి వచ్చిన అంకెను కాక, ప్రతి స్త్రీకి సొంతమైన పాత అంకెలతో పోల్చి, పెరుగుదల తీరును గణితంతో అంచనా వేశారు. 2001 - 2005 మధ్య 50 నుంచి 74 ఏళ్ల వయసుగల రెండు లక్షలకు పైగా స్త్రీలను చేర్చుకున్నారు. లండన్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన ఇయాన్ జాకబ్స్, ఉషా మేనన్ దీనికి నాయకత్వం వహించారు. తుది ఫలితం 2021లో వచ్చింది. ఏ పరీక్షా లేని 1,01,314 మందిలో ఈ కేన్సర్‌తో మరణించినవారు 619 మంది. రక్తపరీక్ష పద్ధతి పాటించిన 50,625 మందిలో 296 మంది. శాతంలో చూస్తే రెండు జట్లలోనూ 0.6 చొప్పునే.

ఇందులో ఆలోచింపజేసే విషయం ఒకటుంది. ఈ పద్ధతిలో తొలిదశల్లో దొరికిన కేన్సర్ల సంఖ్య నిజంగానే పెరిగింది. చివరి దశలో దొరికినవి తగ్గాయి. అంటే సూచిక తన పని తాను చేసింది. అయినా మరణాలు తగ్గలేదు. నిదానంగా పెరిగే కేన్సర్లు తొలిదశలో ఎక్కువకాలం ఉంటాయి కనుక సులువుగా వలలో పడి ఉండవచ్చు. ఉగ్రమైనవి కొద్ది నెలలు ముందుగా దొరికినా, అప్పటికే అవి కంటికి కనబడకుండా పాకిపోయి ఉండవచ్చు. కారణం ఏదైనా, 'తొలిదశలో ఇన్ని పట్టుకున్నాం' అన్న ప్రకటన, 'ఇంతమందిని బతికించాం' అన్న ప్రకటనకు సమానం కాదని తేలిపోయింది. ఈ గణిత పద్ధతి ఆధారంగా అమెరికాలో పరీక్ష అమ్మడం మొదలుపెట్టగా, నియంత్రణ సంస్థ 2016 సెప్టెంబరులో అటువంటి వాటిని వాడవద్దని ప్రజలకూ వైద్యులకూ సూచించింది.

రస్టిన్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన సహచరులు 2010లో ప్రకటించిన ఫలితం దీనికి తోడు. చికిత్స పూర్తయి కోలుకున్న రోగుల్లో సి.ఏ.-125 మళ్లీ పెరగసాగితే, లక్షణాలు కనిపించకముందే కేన్సర్ తిరగబెడుతోందని తెలుస్తుంది. అలా పెరిగిన 529 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే మందులు మొదలుపెట్టారు. రెండవ జట్టుకు లక్షణాలు వచ్చాకనే ఇచ్చారు. రెండు జట్లూ జీవించిన కాలం ఇంచుమించు ఒకటే. ముందుగా మందులు తీసుకున్నవారికి మందుల బాధ మాత్రం ముందుగా మొదలైంది.

సరైన చోట సూచిక విలువ

ఇంతవరకు చదివి సూచికలన్నీ దండగ అనుకుంటే పొరపాటు. ప్రశ్న సరైనదైతే ఇవే సూచికలు చక్కని జవాబు చెబుతాయి. 1990లో జాకబ్స్, ఆయన సహచరులు ప్రతిపాదించిన ఒక సులువైన లెక్క ఇందుకు నిదర్శనం. పొత్తికడుపులో గడ్డ ఉన్నట్లు అప్పటికే తెలిసిన స్త్రీ విషయంలో, అది ప్రమాదకరమైనదా కాదా అని అంచనా కట్టడం దీని ఉద్దేశం. అల్ట్రాసౌండులో కనిపించిన తీరుకు 0, 1, 3లలో ఒక మార్కు ఇస్తారు. నెలసరి ఆగకపోతే 1, ఆగిపోయి ఉంటే 3 వేస్తారు. ఈ రెంటినీ సి.ఏ.-125 అంకెతో గుణిస్తారు. ఫలితం 200 దాటితే కేన్సర్ శస్త్రచికిత్సలో నిపుణులున్న చోటికి పంపుతారు.

ఇద్దరు స్త్రీలకూ సి.ఏ.-125 అంకె 40 వచ్చిందనుకోండి. ఒకరికి ముప్పై ఏళ్లు, అల్ట్రాసౌండు మార్కు 1. లెక్క 1 × 1 × 40, అంటే 40. రెండవవారికి అరవై ఏళ్లు, మార్కు 3. లెక్క 3 × 3 × 40, అంటే 360. రక్తంలోని అంకె ఒకటే, అర్థాలు రెండు. వయసూ, గడ్డ తీరూ తెలియకుండా 40 అన్న అంకెకు సొంతంగా అర్థం లేదు. తరువాత వచ్చిన హెచ్.ఇ.-4 అనే ప్రోటీను, 2009లో అమెరికాలో అనుమతి పొందిన ఐదు ప్రోటీన్ల పరీక్ష ఓవా-1 కూడా ఇటువంటి సహాయానికే ఉద్దేశించినవి. ఏ గడ్డా లేని స్త్రీలలో కేన్సర్‌ను వెతకడానికి ఓవా-1ను వాడకూడదు.

జన్యువులలోని సూచికలు మన మూడవ ప్రశ్నకు మరింత దిటవుగా జవాబిస్తాయి. బి.ఆర్.సి.ఏ.-1 జన్యువును 1994లోనూ, బి.ఆర్.సి.ఏ.-2ను 1995లోనూ గుర్తించారు. మొదటిదానిలో హానికరమైన మార్పు వారసత్వంగా వచ్చిన స్త్రీలలో 80 ఏళ్ల వయసులోగా అండాశయ కేన్సర్ వచ్చే అవకాశం సుమారు 44 శాతం, రెండవదానిలో అయితే సుమారు 17 శాతం అని 2017 నాటి ఒక పెద్ద అధ్యయనం లెక్కించింది. ఇక్కడ చేయగలిగిన పని ఉంది. పిల్లలు పుట్టాక అండాశయాలను, వాటితోపాటు ఫాలోపియన్ నాళాలను తీయించుకుంటే ముప్పు చాలా తగ్గుతుంది. రోగం వచ్చినవారిలో ఈ మార్పు ఉంటే ఒలాపరిబ్ వంటి మందులు బాగా పనిచేస్తాయి. 2018లో వెలువడిన ఒక ప్రయోగంలో, అటువంటి రోగుల్లో రోగం ముదరడం లేదా మరణించడం అనే ముప్పు ఆ మందుతో 70 శాతం తగ్గింది. ఎవరిని పరీక్షించాలో తెలుసు, కొలిచేదేమిటో తెలుసు, తెలిశాక ఏం చేయాలో తెలుసు. మూడు ప్రశ్నలూ దాటిన సూచిక ఇది.

మన దేశంలో ఇంకో మెలిక

క్షయరోగం ఎక్కువగా ఉన్న దేశం మనది. క్షయ ఊపిరితిత్తులకే కాక ఉదరపు పొరకు కూడా సోకుతుంది. అప్పుడు పొట్టలో నీరు చేరుతుంది, మనిషి చిక్కిపోతుంది, పొత్తికడుపులో గడ్డలాంటిది తగులుతుంది. ఉదరపు పొరే వాచింది కనుక సి.ఏ.-125 వందల్లోకి ఎక్కుతుంది. అచ్చంగా ముదిరిన అండాశయ కేన్సర్ చిత్రమే! కేన్సర్ అనుకుని పొట్ట కోసి చూస్తే క్షయ బయటపడిన ఉదంతాలు మన వైద్య పత్రికల్లో అనేకం. వారికి కావలసింది నెలల తరబడి క్షయ మందులు. అవి పడితే ఆ అంకే దిగివస్తుంది. అందుకే పొట్టలోని నీటినీ, కణజాలాన్నీ పరీక్షించకుండా అంకెను మాత్రమే చూసి కేన్సర్ అని నిశ్చయించడం మన దగ్గర మరీ ప్రమాదం.

ఇటువంటి దేశంలో 'సంపూర్ణ ఆరోగ్య పరీక్ష' పేరిట ఏ బాధా లేని యువతులకు సైతం సి.ఏ.-125 చేసి చేతిలో కాగితం పెట్టడం వ్యాపారమే గాని వైద్యం అనిపించుకోదు. 35 లోపల వస్తే లేని ధీమా, పైన వస్తే లేని దిగులు. మొదటిది కూడా తక్కువ ప్రమాదమేమీ కాదు. కడుపు ఉబ్బరంతో వారాల తరబడి బాధపడుతున్న యాభై ఏళ్ల ఆమె, పోయినేడాది కాగితంలో అంకె తక్కువగా ఉందని డాక్టరు దగ్గరకు వెళ్లకపోతే నష్టం ఆమెకే. బాధ ఉన్న స్త్రీకి డాక్టరు ఈ పరీక్ష రాస్తే అది వేరే సంగతి. అక్కడ పరీక్షకు ముందే ఒక ప్రశ్న ఉంది.

విద్యార్థులు ఇకముందు కొత్త సూచిక వార్త చదివినప్పుడు, '98 శాతం కచ్చితం' అన్న అంకె దగ్గర ఆగిపోకూడదు. ఎంతమంది రోగులను ఎంతమంది ఆరోగ్యవంతులతో పోల్చారు? రక్తం తీసింది రోగం తెలిశాకనా, తెలియకముందా? వేరొక ప్రయోగశాల అదే ఫలితాన్ని రాబట్టిందా? చివరికి, మరణాలు తగ్గాయని ఎవరైనా లెక్కించి చూపారా? ఈ ప్రశ్నలకు వార్తలో జవాబు దొరక్కపోతే, ఆ సూచిక ఇంకా ప్రయోగశాల గడప దాటలేదని అర్థం. ఈ ప్రశ్నలు అడగడానికి వైద్య పట్టా అక్కరలేదు. బడిలో నేర్చిన శాతాల లెక్క చాలు.